మధ్య గళ్లను బద్దలు కొట్టిన తాల్

చదరంగం బల్ల లేని యూనిట్‌ను నా సర్వీసులో నేను చూడలేదు. అందుకే ఈ సంచికకు ఏదైనా రాయమని మన అసోసియేషన్ వాళ్లు అడగ్గానే మిఖాయిల్ తాల్ గుర్తొచ్చారు.

ఆయన 1936 నవంబరు 9న లాట్వియాలోని రీగాలో పుట్టారు. పుట్టుకతోనే కుడిచేతికి మూడే వేళ్లు. 1957, 1958లలో సోవియట్ ఛాంపియన్. 1960లో బోత్విన్నిక్‌ను 12½–8½తో ఓడించి 23 ఏళ్లకే ప్రపంచ విజేత అయ్యారు. మరుసటి ఏడాదే ఆ కిరీటం పోయింది. మూత్రపిండాల జబ్బు మాత్రం వదల్లేదు.

మన ఫౌజులో ఎత్తైన గుట్ట ఎంత ముఖ్యమో, చదరంగంలో మధ్యనున్న నాలుగు గళ్లు అంత ముఖ్యం. ఎదుటివాడి బంట్లు వాటిని కాపలా కాస్తుంటే మన బలగానికి దారి దొరకదు. చాలామంది చుట్టూ తిరిగి వెళ్తారు. తాల్ సొంత పావునే బలి ఇచ్చి దారి తెరిచేవారు.

1965లో యుగోస్లావియాలోని బ్లెడ్‌లో డెన్మార్క్ ఆటగాడు లార్సెన్‌తో మ్యాచ్. తొమ్మిది ఆటలయ్యాక ఇద్దరూ సమానం. మిగిలింది ఒక్కటే ఆట. 16వ ఎత్తులో తాల్ తన గుర్రాన్ని తీసుకెళ్లి నడిమధ్య గడిలో, బంటు నోటికి అందేలా పెట్టేశారు! లార్సెన్ బంటు దాన్ని చంపింది. తాల్ బంటు ఆ బంటును చంపింది. అంతే, మధ్యనున్న నిలువు వరుసకు తలుపు తెరుచుకుంది. 21వ ఎత్తుకల్లా తాల్ ఏనుగు శత్రుశిబిరంలోకి చొచ్చుకెళ్లింది. 37వ ఎత్తుకు ఆట ముగిసింది. మ్యాచ్ 5½–4½తో తాల్‌దే.

ఇది గుడ్డి తెగింపు అనుకోకండి. ఆ క్షణాన లార్సెన్ మంత్రి, ఒక ఏనుగు, ఒక శకటు ఇంకా వెనక వరుసలోనే ఉన్నాయి. బల్లమీద ఎన్ని పావులున్నాయన్నది కాదు, పోరులో ఎన్ని ఉన్నాయన్నదే తాల్ లెక్క. నల్లపావులకు గట్టి రక్షణ ఉందని తర్వాత విశ్లేషకులు చూపించారు. నిజమే, కానీ గడియారం నడుస్తుండగా లార్సెన్‌కు అది దొరకలేదు. గెలుపు ఖాయమని తేలాకే కదులుదామంటే కదిలే వేళ దాటిపోతుందని మన ఫౌజీలకు వేరే చెప్పాలా?

1969లో ఆయనకు ఒక మూత్రపిండం తీసేశారు. అయినా 1973–74లో వరుసగా 95 ఆటలు ఓటమి లేకుండా ఆడారు. 1992 మే నెలలో, బాగా నీరసించి ఉండి కూడా, మాస్కో బ్లిట్జ్ పోటీలో కాస్పరోవ్‌ను ఓడించారు. ఆ తర్వాత నెల, జూన్ 28న, కన్నుమూశారు. ఈసారి బల్ల ముందు కూర్చున్నప్పుడు ఆ 16వ ఎత్తును ఒక్కసారి వేసి చూడండి.