చించి పారేసిన ఉత్తరాలు.. కుట్టి దాచిన భార్య! షార్లెట్ బ్రాంటే లేఖల వెనుక కథ ఇదీ

జేన్ ఐర్ నవలతో ప్రపంచానికి పరిచయమైన రచయిత్రి షార్లెట్ బ్రాంటే. ఆమె చేతిరాత లేఖలు ఇప్పుడు పెద్ద పెద్ద లైబ్రరీల్లో భద్రంగా ఉన్నాయి. కానీ వాటిలో కొన్ని ఒకప్పుడు చెత్తబుట్టలోకి వెళ్లాయి. మరికొన్ని మంటల్లోకి వెళ్లాల్సినవే. అసలేం జరిగిందంటే..

1816 ఏప్రిల్ 21న ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో షార్లెట్ పుట్టారు. తండ్రి హవర్త్ అనే ఊళ్లో చర్చి పాస్టర్. ఐదేళ్ల వయసులోనే తల్లి చనిపోయింది. చెల్లెళ్లు ఎమిలీ, ఆన్ కూడా రచయిత్రులే.

సొంతంగా స్కూలు పెట్టాలన్నది అక్కచెల్లెళ్ల కల. అందుకు ఫ్రెంచ్ బాగా రావాలని 1842లో షార్లెట్, ఎమిలీ బ్రస్సెల్స్ వెళ్లారు. అక్కడ మేడమ్ హేగర్ నడిపే బడిలో చేరారు. ఆమె భర్త కాన్‌స్టాంటిన్ హేగర్ సాహిత్యం చెప్పేవారు. షార్లెట్ రాతలోని సత్తాను గుర్తించి, దిద్దిన గురువు ఆయనే. ఆ గౌరవం మెల్లగా ప్రేమగా మారింది. ఆయనకేమో పెళ్లయింది, పిల్లలున్నారు.

1844 జనవరిలో షార్లెట్ ఇంటికి వచ్చేశారు. అక్కడి నుంచి ఆయనకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. జవాబు కోసం నెలల తరబడి ఎదురుచూశారు. పోస్టులో ఏమీ రాని రోజుల్లో ఎంత నలిగిపోయారో ఆ ఉత్తరాలే చెబుతాయి. వాటిలో మనకు మిగిలినవి నాలుగే. చివరిది 1845 నవంబర్ నాటిది.

హేగర్ వాటిని చించి పడేశారు. ఆ ముక్కలను ఏరి తెచ్చింది ఎవరో తెలుసా? ఆయన భార్యే! దారంతో కుట్టి, కాగితం ముక్కలతో అతికించి దాచేశారామె. చివరి ఉత్తరం మాత్రం చిరగలేదు. దాని అంచున హేగర్ ఓ చెప్పులు కుట్టే వ్యక్తి అడ్రస్ రాసుకున్నారు. ఒకరి గుండెకోత, ఇంకొకరికి చిత్తు కాగితం!

కాల్చేయమన్న భర్త

1847లో కర్రర్ బెల్ అనే మారుపేరుతో జేన్ ఐర్ వచ్చింది. పేరు మార్మోగిపోయింది. కానీ ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. 1848 సెప్టెంబర్ నుంచి 1849 మే మధ్య తమ్ముడు బ్రాన్‌వెల్, ఎమిలీ, ఆన్ ముగ్గురూ చనిపోయారు. ఆ కష్టకాలంలో షార్లెట్ మనసు విప్పింది చిన్ననాటి స్నేహితురాలు ఎలెన్ నస్సీకి రాసిన ఉత్తరాల్లోనే.

1854 జూన్‌లో ఆర్థర్ బెల్ నికోల్స్‌తో షార్లెట్ పెళ్లి జరిగింది. భార్య ఇంత దాపరికం లేకుండా రాయడం చూసి ఆయన కంగారుపడ్డారు. అలాంటి ఉత్తరాలు అగ్గిపుల్లల్లా ప్రమాదకరమని, చదివాక కాల్చేస్తానని ఎలెన్ మాటివ్వాలని పట్టుబట్టారు. భార్య ఉత్తరాలపై మీరు సెన్సార్ పెట్టనంటేనే అని ఎలెన్ మెలిక పెట్టి మాటిచ్చారు. చివరకు కాల్చలేదు.

1855 మార్చి 31న, 38 ఏళ్లకే షార్లెట్ కన్నుమూశారు. అప్పుడు ఆమె గర్భవతి.

రెండేళ్లకు ఎలిజబెత్ గాస్కెల్ ఆమె జీవిత చరిత్ర రాశారు. అందుకు ఎలెన్ దాచిన లేఖలే ప్రధాన ఆధారం. హేగర్ వ్యవహారం తెలిసినా గాస్కెల్ బయటపెట్టలేదు. 1913లో హేగర్ పిల్లలు ఆ నాలుగు లేఖలను బ్రిటిష్ మ్యూజియంకు ఇచ్చేయడంతో విషయం ప్రపంచానికి తెలిసింది. ఇప్పుడవి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

ఎలెన్‌కు రాసినవి మాత్రం చేతులు మారి బ్రిటన్, అమెరికా లైబ్రరీలకు చెదిరిపోయాయి. కొన్ని హవర్త్‌లో బ్రాంటే కుటుంబం ఉన్న ఇంట్లోనే, ఇప్పటి మ్యూజియంలో ఉన్నాయి. మరో స్నేహితురాలు మేరీ టేలర్ తన దగ్గరున్న వాటిని దాదాపు అన్నీ నాశనం చేసేశారు. అంటే, షార్లెట్ మనసు ఈ రోజు మనకు ఇంతగా తెలుస్తోందంటే కారణం ఇద్దరు మహిళలు. ఒకరు మాట తప్పిన స్నేహితురాలు. మరొకరు.. షార్లెట్ ప్రేమించిన వ్యక్తి భార్య.