చండాశోకుని సాధన

హైదరాబాదు నుండి మొయినాబాదు, చేవెళ్లల మీదుగా బీజాపూరు పోవు రహదారి మఱ్ఱిచెట్లకు పేరుగాంచినది. ముడిమ్యాల మొదలగు గ్రామములవారు తరతరములుగా ఆ నీడను నడచినవారే. అయితే బాటల ప్రక్క మఱ్ఱులు నాటించుట రాజు చేయదగిన పని యని మన దేశమున రాతిమీద వ్రాయించిన ప్రభువు రెండువేల రెండువందల యేండ్లకు పైగా పూర్వుడు. పశువులకును మనుష్యులకును నీడ కావలెనని అతడు మఱ్ఱులు నాటించెను, మామిడితోపులు వేయించెను, బావులు త్రవ్వించెను. అతడే అంతకు ముందు కళింగమును శ్మశానముగా చేసినవాడు, మౌర్య చక్రవర్తి అశోకుడు. చంపించిన చేయి చెట్లు నాటించు చేయిగా ఎట్లు మారెను? తన కోపమును తాను అదుపులో పెట్టుకొనవలెనని యత్నించు ప్రతివానికిని ఈ ప్రశ్నతో పని కలదు.

అశోకుడు చంద్రగుప్తుని మనుమడు, బిందుసారుని కుమారుడు. క్రీ. పూ. 268 ప్రాంతమున పట్టాభిషిక్తుడయ్యెను. బౌద్ధగాథలు అతని పూర్వజీవితమును మిక్కిలి భయంకరముగా వర్ణించినవి. సింహాసనమునకై తొంబదితొమ్మండ్రు సోదరులను చంపెననియు, తన పేరుగల అశోకవృక్షమును విఱిచిరన్న కోపముతో అంతఃపుర స్త్రీలను దహింపించెననియు, అందుచేతనే చండాశోకుడను పేరు వచ్చెననియు ఆ కథలు చెప్పును. వీనిని యథాతథముగా నమ్మరాదు. పట్టాభిషేకమైన పదునాలుగవ యేట వ్రాయించిన శాసనమున తన సోదరుల గృహములను గూర్చి అతడే ప్రస్తావించెను. ధర్మాశోకుని వెలుగు మఱింత ప్రకాశించుటకై గాథాకారులు చండాశోకుని చీకటిని దట్టము చేసియుందురు. కాని అతని శాసనములనే చదివినను ఒక విషయము స్పష్టమగును: కోపమును గూర్చియు, తొందరపాటును గూర్చియు ఆ ప్రభువువలె పలుమార్లు ఆలోచించి రాతికెక్కించిన రాజులు అరుదు.

పట్టాభిషేకమైన ఎనిమిదేండ్లకు కళింగయుద్ధము జరిగినది. లక్షయేబదివేలమంది చెరపట్టబడి తరలింపబడిరి, లక్షమంది హతులైరి, అంతకు అనేక రెట్లు ప్రజలు తరువాత నశించిరి. ఈ లెక్కలు శత్రువులు వ్రాసినవి కావు, గెలిచినవాడే వ్రాయించినవి. యుద్ధమునకు కారణము కోపమో, రాజ్యకాంక్షయో అతడు చెప్పలేదు. చెప్పినది తన పరితాపమును మాత్రమే. చచ్చినవారిని గూర్చియే గాక, వారి మిత్రులును బంధువులును పడిన దుఃఖమును గూర్చియు అతడు వగచెను.

రణరంగమున శవములను చూచి ఖడ్గము పారవైచి ఆ క్షణముననే శాంతమూర్తి యయ్యెనని మనము పిల్లలకు చెప్పుచుందుము. అశోకుడు తన్ను గూర్చి అట్లు చెప్పుకొనలేదు. ఉపాసకుడనై రెండున్నరయేండ్లు దాటినను మొదటి సంవత్సరము గట్టి ప్రయత్నము చేయలేదనియు, సంఘమును సమీపించిన పిదపనే శ్రద్ధ కుదిరినదనియు అతడు ఒప్పుకొనెను. అతని వంటశాల కథయు ఇట్టిదే. పూర్వము కూరలకై దినమునకు లక్షలకొలది ప్రాణులు చంపబడుచుండగా, ఆ సంఖ్య రెండు నెమళ్లకును ఒక లేడికిని తగ్గినది. అందులో లేడి నిత్యము కాదు. ఇకముందు ఆ మూడును ఉండవని ప్రకటించెను. మార్పు మెట్టుమెట్టుగా వచ్చినది. ఇంకను ఎక్కవలసిన మెట్టు ఉన్నదని చెప్పుటకు చక్రవర్తి సిగ్గుపడలేదు.

ఈ మాటలు చదువుటకు మనము పాటలీపుత్రము దాక పోనక్కరలేదు. కర్నూలు జిల్లాలో గుత్తికి సమీపమున ఎఱ్ఱగుడి గ్రామము కలదు. అచ్చటి బండలమీద పదునాలుగు శిలాశాసనములును, వానితోపాటు లఘుశాసనమును చెక్కబడియున్నవి. లఘుశాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును, పొలము దున్ను ఎద్దులు మళ్లినట్లు నడచును. కళింగమును గూర్చిన పరితాపము పదుమూడవ శాసనమునది. చిత్రమేమనగా, అది మన ఎఱ్ఱగుడిలో ఉన్నదిగాని కళింగమున లేదు! కళింగదేశపు ధౌలి, జౌగడలలో పదునొకండు, పండ్రెండు, పదుమూడు శాసనములను విడిచి, వాని స్థానమున వేఱు రెండు శాసనములు చెక్కించిరి. తల్లులు బిడ్డలను కోల్పోయిన చోట చచ్చినవారి లెక్క చదివి వినిపించుట గాయమును రేపుటయే యని ఆ ప్రభువు తలచెనేమో! ఇది నా ఊహ మాత్రమే. ఆ స్థానమున అతడు వ్రాయించినది మాత్రము ఊహ కాదు.

అది అచ్చటి అధికారులకు ఇచ్చిన ఆజ్ఞ. మనుష్యులందఱును తన బిడ్డలనియు, నిష్కారణముగా ఎవరును చెఱసాలపాలు గాని, హింసపాలు గాని కారాదనియు చెప్పి, న్యాయము తప్పుటకు గల కారణములను వరుసగా లెక్కించెను: అసూయ, కోపము, క్రౌర్యము, తొందర, అభ్యాసలోపము, సోమరితనము, అలసట. వీనికి విరుగుడు మూలమున కోపమును తొందరయు లేకుండుటయే యనెను. కోపముతోపాటు అలసటను లెక్కించుట గమనింపదగినది. సాయంకాలపు తుది గంటలో అల్లరిపిల్లవాని ముందు నిలిచిన ఉపాధ్యాయునికి ఈ మాటలోని నిజము తెలియును. కర్కశుడు గాని, చండుడు గాని కాని అధికారిని అయిదేండ్ల కొకమాఱు తనిఖీకి పంపుదునని చక్రవర్తి చెప్పెను. శాసనమును నియమితదినములందు చదివి వినిపింపవలెననియు, వినువాడు ఒక్కడే అయినను చదువవచ్చుననియు విధించెను.

రాజ్యమేలిన ఇరువదియాఱేండ్లకు వ్రాయించిన స్తంభశాసనములు ఇంకను లోతుగా పోవును. మనుష్యుడు తన మంచిపనినే చూచుకొనును గాని, తన చెడుగును చూచుకొనడనియు, ఆత్మపరీక్ష మిక్కిలి కష్టమనియు చెప్పి, క్రౌర్యము, కోపము, గర్వము, ఈర్ష్య తన్ను పడద్రోయునవి యని ఎవరికివారు ఎఱుగవలెననెను. మఱియొక స్తంభశాసనమున మరణశిక్ష పడినవారికి మూడు దినముల గడువు ఏర్పఱచెను. ఆ గడువులో బంధువులు ప్రాణభిక్షకై వేడుకొనవచ్చును. విధించిన దండనకును అమలునకును నడుమ మూడు రాత్రులు నిలిపెనన్నమాట.

నేడు కోపమునకు మానసిక చికిత్స కలదు. 1975లో అమెరికా మనోవైజ్ఞానికుడు రేమండ్ నోవాకో ఈ విషయముపై గ్రంథము ప్రకటించెను. కోపము ఎప్పుడు, ఎందుచేత వచ్చుచున్నదో గుర్తించుట, రెచ్చగొట్టు తలపును పరీక్షించుట, శరీరమును శాంతపఱచుకొనుట, చిన్న సందర్భములతో ఆరంభించి అభ్యసించుట ఆ విధానమునకు ముఖ్యాంగములు. అశోకుడు వైద్యుడు కాడు. అతని శాసనములు చికిత్సాగ్రంథములు కావు. అయినను ఆత్మపరీక్ష, జాగు, అభ్యాసము అను మూడును అచ్చట కనబడుట గమనింపదగినది.

అతడు సంపూర్ణముగా జయించెనా? లేదనియే చెప్పవలెను. క్షమింపదగినంతవఱకు క్షమింతునని చెప్పిన పదుమూడవ శాసనముననే, అరణ్యవాసులకు తన శక్తిని గుర్తుచేసి హెచ్చరించెను. మరణశిక్షకు గడువిచ్చెనుగాని దానిని తీసివేయలేదు. కళింగమును తిరిగి ఇచ్చినట్లు ఏ శాసనమునను లేదు. క్రీ. పూ. 232 ప్రాంతమున మరణించునాటికి అతడు చక్రవర్తియే. ఈ లోపములను దాచి పూజించుటకంటె, లోపములతో కూడ సాధన విడువని మనుష్యునిగా గ్రహించుట మేలు. తప్పు చేసినవాడు తన తప్పును లెక్కకట్టి చెప్పుకొనుటయు, తిరిగి చేయకుండ తనకును తనవారికిని కట్టుబాట్లు కల్పించుకొనుటయు సామాన్యము కాదు.

ఎఱ్ఱగుడి లఘుశాసనమున మనవంటివారికి ఒక మాట కలదు. తల్లిదండ్రులను, గురువులను సేవింపవలెననియు, ప్రాణులయెడ దయ చూపవలెననియు, ఆచార్యులు తమ శిష్యులకు పూర్వాచారము ననుసరించి ఈ ధర్మమును నేర్పవలెననియు అందున్నది. శాంతము పుట్టుకతో రాదు, నేర్చుకొనునదియే యని చక్రవర్తి తలచెనన్నమాట. నేర్పు భారమును బడిపంతులమీద ఉంచెను. మనము మొదట మనకు నేర్పుకొని, పిదప పిల్లలకు నేర్పుదము. బాటప్రక్కన నాటిన మఱ్ఱిమొక్క మఱునాడే నీడనీయదు. నాటినవాడు మాత్రము నీళ్లు పోయుట మానరాదు.