వకీలు చదువు, నాటకం పిచ్చి: బళ్ళారి రాఘవ



యాన్యువల్ డే ప్రాక్టీస్ మొదలైందంటే మీలో కొందరు డైరీలో ఒక మాట రాసి పంపుతారు. మా వాడిని నాటకంలో పెట్టకండి, స్లిప్ టెస్టుల్లో మార్కులు తగ్గుతున్నాయి అని. మీ భయం నాకు అర్థమవుతుంది. వాన ఎప్పుడు మొహం చాటేస్తుందో తెలియని చిలమత్తూరు చేలల్లో వేరుశనగ వేసి, ఆ డబ్బుతో ఫీజు కట్టే ఇంట్లో చదువు పక్కకు పోతుందంటే ఎవరికైనా గుండె జారుతుంది. అందుకే ఈ నెల మన వైపు పుట్టిన ఒక మనిషి గురించి రాస్తున్నాను.

ఆయన పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. లోకానికి బళ్ళారి రాఘవ. 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో పుట్టారు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. తాడిపత్రి, మన హిందూపురం ప్రాంతం అన్నీ బళ్ళారి జిల్లాలోనివే. 1882లోనే అనంతపురం వేరు జిల్లా అయింది. ధాత కరువు ఊళ్ళను ఊడ్చేసి నాలుగేళ్ళు కూడా కాలేదు. అలాంటి రోజుల్లో పండితుడైన తండ్రి దగ్గర అక్షరాలు దిద్దుకుని, బళ్ళారి హైస్కూల్లో చదివారు.

ఇంట్లో ఇంకో బడి కూడా ఉంది. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు వృత్తికి వకీలు, కానీ తెలుగువాళ్ళు ఆయన్ని ఆంధ్ర నాటక పితామహుడిగానే గుర్తుపెట్టుకున్నారు. బళ్ళారిలో సరస వినోదిని సభ ఆయనదే. 1891లో ఆ సభ మద్రాసు వెళ్ళి నాటకాలు ఆడితే, అవి చూసిన ఒక తమిళ కాలేజీ విద్యార్థి అదే ఏడు సుగుణ విలాస సభ పెట్టాడు. ఆ కుర్రాడే పమ్మళ్ సంబంధ ముదలియార్. నాటకాల్లో పడి అతని చదువేమీ చెడలేదు. వకీలయ్యాడు, తర్వాత జడ్జి కూడా అయ్యాడు.

రాఘవ కూడా మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్ళారు. బళ్ళారి నుంచి గుంతకల్లు, అక్కడినుంచి మద్రాసు రైలు. దారిలో పుట్టిన ఊరు తాడిపత్రి కూడా వస్తుంది. కాలేజీ అప్పుడు తాంబరంలో లేదు, నగరం నడిబొడ్డున హైకోర్టు దగ్గర ఉండేది. ప్రిన్సిపాల్ విలియం మిల్లర్. షేక్‌స్పియర్ విషాద నాటకాల మీద పుస్తకమే రాసిన మనిషి. బి.ఏ.లో ఇంగ్లీషు తప్పనిసరి, అందులో షేక్‌స్పియర్ ఉండేవాడు. కాలేజీ నుంచి ట్రాముబండి వెళ్ళేంత దూరంలో, సెంట్రల్ స్టేషన్ పక్కన విక్టోరియా పబ్లిక్ హాలు. పొద్దున క్లాసులో పాఠంగా విన్న నాటకం లాంటిదాన్ని సాయంత్రం స్టేజీ మీద చూడగలిగే ఊరు అది. మా పిల్లలకు ఇంగ్లీషు పాఠం చెప్పేటప్పుడు నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. నాటకాన్ని ఎస్సే ప్రశ్నలుగా కోసి ఇస్తే పిల్లలకు మిగిలేది మార్కులే.

రాఘవ డిగ్రీ పూర్తిచేసి, 1905లో లా కూడా పాసయ్యారు. బళ్ళారికి తిరిగొచ్చి ప్రాక్టీసు పెట్టారు, ప్రభుత్వం తరఫున పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా పనిచేశారు. చదివిన షేక్‌స్పియర్‌ను అటక ఎక్కించలేదు. ఊళ్ళో షేక్‌స్పియర్ క్లబ్ పెట్టి ఆ నాటకాలు ఆడారు. కోలాచలం శ్రీనివాసరావు రాసిన రామరాజు చరిత్రలో ఆయన వేసిన పఠాన్ వేషం గురించి పెద్దవాళ్ళు కథలుగా చెప్పుకునేవారు. ఆ శ్రీనివాసరావు కూడా వకీలే! ఆ కాలపు బళ్ళారిలో కోర్టుకీ నాటకశాలకీ మధ్య అడ్డుగోడ లేనట్టుంది.

అంతా పూలబాట కాదు. 'నాటకాల రాయుడు' అనే మాట మన భాషలో ఇప్పటికీ తిట్టే. పైగా రాఘవ జనం అడిగినదే ఇచ్చే రకం కాదు. ఒక్కో పద్యాన్ని రాగాలు తీసి సాగదీస్తే ఈలలు పడే రోజుల్లో, పాత్ర మాట్లాడాలి గానీ గాయకుడు కాదని పట్టుబట్టారు. ఆడవేషాలు మగవాళ్ళే వేసే కాలంలో, చదువుకున్న స్త్రీలే ఆ పాత్రలు వేయాలన్నారు. కొమ్మూరి పద్మావతీదేవి లాంటివారు ఆయన పక్కన స్టేజీ ఎక్కారు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద తెగువో, ఆడపిల్ల ఉన్న తల్లిదండ్రులు నాకంటే బాగా ఊహించగలరు.

1927లో ఆయన పండిత తారానాథ్ రాసిన దీనబంధు కబీర్ అనే హిందీ నాటకం ఆడితే గాంధీజీ చూశారు. ఆ ఏడాది గాంధీజీ ఒంట్లో బాగాలేక నంది కొండ మీద, బెంగళూరులో విశ్రాంతి తీసుకుంటున్నారు. మన కొడికొండ చెక్‌పోస్టు దాటి చిక్కబళ్ళాపురం వైపు వెళితే వచ్చే నంది కొండే అది, మీరు పిల్లల్ని ఆదివారం తీసుకెళ్ళేది. మరుసటి ఏడు రాఘవ ఇంగ్లండ్ వెళ్ళారు, అక్కడ నాటక రచయిత బెర్నార్డ్ షాను కలిశారు.

సినిమాలు తక్కువే చేశారు. 1936లో ద్రౌపదీ మానసంరక్షణంలో దుర్యోధనుడు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డలో నర్సిరెడ్డి. ఈ రెండోదాన్ని జమీందార్లు సహించలేదు, ప్రభుత్వం నిషేధించింది. కోర్టులో నల్లకోటు వేసుకుని వాదించిన మనిషి, దాదాపు అరవై ఏళ్ళ వయసులో అప్పుల్లో నలిగే రైతుగా తెర మీదికి వచ్చారు.

1946 ఏప్రిల్ 16న రాఘవ కన్నుమూశారు. కందుకూరి వీరేశలింగం పుట్టినరోజూ అదే; మన రాష్ట్రంలో తెలుగు రంగస్థల దినోత్సవం జరుపుకునేదీ ఆ రోజే. బళ్ళారిలో ఆయన పేరుతో రాఘవ కళామందిరం ఉంది. ఎప్పుడైనా అటు వెళితే పిల్లల్ని లోపలికి తీసుకెళ్ళి ఆ స్టేజీ చూపించండి.