ఆరు చుక్కల అక్షరదాత – లూయీ బ్రెయిల్

ఫ్రాన్సు దేశములో పారిస్ నగరమునకు తూర్పున కూప్‌వ్రే అను చిన్న గ్రామము కలదు. అచ్చట గుర్రపు జీనులు, కళ్ళెములు కుట్టి జీవించు ఒక పనివాని ఇంట 1809 జనవరి 4న లూయీ బ్రెయిల్ జన్మించెను. మూడేండ్ల ప్రాయమున తండ్రి పనిశాలలో తోలు తొలిచే ఆరెతో ఆడుకొనుచుండగా అది కంటిలో గ్రుచ్చుకొనెను. పుండు మానక రెండవ కన్నుకూడ చెడెను. ఐదేండ్లకే బాలుడు పూర్తిగా అంధుడాయెను.

ఊరి దేవాలయపు గురువు అతని తెలివిని గుర్తించి చదువు చెప్పెను. 1819లో పదేండ్ల వయస్సున లూయీ పారిస్‌లోని అంధుల పాఠశాలలో చేరెను. అచ్చటి పుస్తకములలో మామూలు అక్షరములనే పెద్దవిగా ఉబ్బెత్తుగా అచ్చొత్తియుండిరి. వ్రేలితో ఒక్కొక్క అక్షరపు వంపులు తడిమి పోల్చుకొనవలెను. ఒక వాక్యము ముగియుసరికి దాని మొదలు మరచిపోవుట సహజమే! పైగా ఆ పద్ధతిలో పిల్లలు తామై వ్రాసికొనుటకు వీలులేదు. వాటిని చేసినవారు దయగలవారే. కాని చూపుగలవారి కంటికి నచ్చిన అక్షరము అంధుని వ్రేలికి అనువుగా ఉండదని వారికి తోచలేదు.

1821లో సైన్యమున పనిచేసిన షార్ల్ బార్బియే అను ఆయన తాను కనిపెట్టిన చుక్కల లిపిని ఆ పాఠశాలకు తెచ్చెను. అందు అక్షరమునకు 12 చుక్కల వరకు ఉండుటచే వ్రేలికొనకు ఒక్కసారిగా అందవు. అది ధ్వనులనే గాని సరియైన అక్షరక్రమమును చూపదు. లూయీ దానిని పట్టుకొని రాత్రులు శ్రమించి, 1824లో, 15 ఏండ్లకే, ఆరు చుక్కలకు కుదించెను. నిలువుగా మూడేసి చొప్పున రెండు వరుసలు, అంతే. వీటితో 63 గుర్తులు ఏర్పడును. అక్షరములు, అంకెలు, సంగీత స్వరములు అన్నియు అందులో ఇమిడెను. 1829లో ఈ పద్ధతిని గ్రంథముగా ప్రకటించెను. పలకపై కాగితముంచి మొనగల చిన్న సాధనముతో పొడిచి వ్రాయవలెను. అతని కన్ను తీసిన ఆరెకు ఆ సాధనము దగ్గరి చుట్టమే!

1833లో అతడు ఆ పాఠశాలలోనే ఉపాధ్యాయుడాయెను. పారిస్ దేవాలయములలో ఆర్గన్ వాయించెను. కాని 1840 తరువాత పాఠశాల అధిపతి ఈ లిపిని నిషేధించెను. చూపుగలవారు చదువలేని లిపి అంధులను లోకమునుండి వేరుచేయునని వాదన. విద్యార్థులు మాత్రము చాటుగా చుక్కలతోనే వ్రాసికొనిరి. చివరకు 1844లో నూతన భవన ప్రారంభోత్సవమున ప్రజలయెదుట దాని ఉపయోగమును చూపిరి.

క్షయవ్యాధితో బ్రెయిల్ 1852 జనవరి 6న, 43 ఏండ్లకే మరణించెను. ఫ్రాన్సులో అతని లిపికి అధికారిక ఆమోదము లభించినది 1854లో. మరణించిన నూరేండ్లకు, 1952లో, అతని దేహమును పారిస్‌లో దేశప్రముఖుల సమాధిమందిరమైన పాంథియాన్‌కు తరలించిరి. చేతులను మాత్రము కూప్‌వ్రేలోనే ఉంచిరి.

మన దేశములో వేర్వేరుగా వాడుకలోనున్న అంధలిపులకు బదులు 1951లో భారతీ బ్రెయిల్ ఏర్పడినది. తెలుగునకును అదే లిపి. మన అంధ విద్యార్థి వ్రేలికి 'అ' అనగా ఎడమవరుస పైనున్న ఒక్క చుక్క. దానిక్రింద ఒకటి విడిచి మరియొక చుక్క తగిలినచో 'క'.