వంటగదిలో దేవునితో నడిచిన బ్రదర్ లారెన్స్



డ్యూటీల వల్ల ఆరాధనకి రాలేకపోతున్నాం, దేవునికి దూరమైపోతున్నామేమో అని ఈమధ్య చాలామంది మెసేజ్ పెడుతున్నారు. ఇళ్ళల్లో పనిచేసే మన అక్కచెల్లెళ్ళలో చాలామందికి శుక్రవారం కూడా సెలవుండదు. అందుకే ఈ వారం ఒక వంటమనిషి జీవితం రాస్తున్నాను.

ఆయన అసలు పేరు నికోలా ఎర్మాన్. ఇప్పటి ఫ్రాన్సు దేశంలో లొరైన్ అనే ప్రాంతం ఉంది, అక్కడ లూనెవిల్ పట్టణం దగ్గర ఒక పల్లెలో 1614 ప్రాంతంలో పుట్టాడు. పేదవాళ్ళు, పెద్దగా చదువు లేదు. పద్దెనిమిదేళ్ళప్పుడు చలికాలంలో ఆకులన్నీ రాలి మోడులా నిలబడిన చెట్టును చూశాడు. కొన్నాళ్ళకి దీనికే చిగురొస్తుంది, పూలూ కాయలూ వస్తాయి గదా అనుకున్నాడు. అంతే. దేవుని శక్తి ఎంతటిదో ఆ రోజే ఆయన హృదయంలో దిగిపోయింది. ఏ కూటంలోనో ప్రసంగం విని కాదు, చెట్టును చూసి!

అయినా జీవితం వెంటనే చక్కబడలేదు. అది ముప్పై ఏళ్ళ యుద్ధం నడుస్తున్న కాలం, ఆయన సిపాయి. ఒకసారి జర్మన్ సైనికులు పట్టుకుని, గూఢచారివని ఉరి తీస్తామన్నారు. చివరికి వాళ్ళు వదిలేశారు గానీ తర్వాత గాయపడి కాలు కుంటిదయ్యింది. ఆ మీదట ఒక పెద్ద అధికారి ఇంట్లో నౌకరుగా కుదిరాడు. ఆ పనిలో ఏది పట్టుకున్నా పగలగొట్టేవాడట. ఆయనే చెప్పుకున్నాడు ఈ మాట.

1640లో పారిస్‌లోని కర్మేలు సభ మఠంలో చేరాడు. ఫాదర్‌గా కాదు, పనులు చేసే బ్రదర్‌గా. లారెన్స్ అనే పేరు అక్కడ పెట్టిందే. ఆయన కాథలిక్కు గదా అని మనలో కొందరు పక్కన పెడతారేమో, నేనైతే పెట్టను.

మఠంలో ఆయనకిచ్చిన పని వంట. ఆ పనంటే ఆయనకి స్వతహాగా అస్సలు పడదు. క్యాంపు మెస్సులో పనిచేసే మన తమ్ముళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు, పొయ్యి వేడి, ఒకేసారి నలుగురు నాలుగు అడగడం, అంట్లు. అలాంటి చోట దాదాపు పదిహేనేళ్ళు చేశాడు. పని మొదలుపెట్టే ముందు ప్రభువా నాతో ఉండు అని అడిగేవాడు. చేస్తూ చేస్తూ మనసులోనే ఆయనతో మాట్లాడేవాడు. పని అయ్యాక బాగా జరిగితే స్తోత్రం, తప్పు జరిగితే క్షమాపణ, మళ్ళీ పనిలోకి. పెనం మీద అట్టు తిప్పినా, కింద పడ్డ గడ్డిపోచ తీసినా దేవుని మీద ప్రేమతోనే చేశాడు. ప్రార్థన వేళకీ పని వేళకీ తనకి తేడా లేకుండా పోయిందని చెప్పేవాడు.

ఇదంతా సులువుగా రాలేదు సహోదరులారా. ఇది చాలామంది చెప్పరు. మొదటి పదేళ్ళు ఆయన లోపల నలిగిపోయాడు. అందులో నాలుగేళ్ళు తనకి రక్షణ లేదనే నమ్మాడు. పాత పాపాలు గుర్తొచ్చేవి. మనుషులూ, తన బుద్ధీ, చివరికి దేవుడు కూడా తనకి ఎదురు నిలిచినట్టు అనిపించేది. ఆఖరికి, సరే, చచ్చేదాకా ఇలాగే ఉన్నా నేను నిన్ను విడువను అని తీర్మానించుకున్నాడు. అప్పుడు ఉన్నట్టుండి సమాధానం వచ్చింది. ఆ పదేళ్ళూ వంట మాత్రం మానలేదు.

ఒకసారి మఠం కోసం ద్రాక్షారసం కొనుక్కు రమ్మని బుర్గుండి ప్రాంతానికి పంపించారు. బేరాలు చెయ్యడం రాదు, కాలు సహకరించదు, పడవలో పీపాల మీద దొర్లుకుంటూ అటూ ఇటూ వెళ్ళేవాడు. ఇది నీ పని ప్రభువా అని అప్పగించేశాడు. ఎలా జరిగిందో తెలీదు గానీ సరుకు సరిగ్గా వచ్చింది. వయసు మీద పడ్డాక కూర్చుని చేసే పని ఇచ్చారు, చెప్పులు బాగుచేయడం. అది సంతోషంగా చేసుకున్నాడు.

పెద్దపెద్దవాళ్ళు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. 1666లో బోఫోర్ అనే గురువు వచ్చి మాట్లాడి, విన్నది రాసి పెట్టుకున్నాడు. 1691 ఫిబ్రవరి 12న లారెన్స్ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది బోఫోర్ ఆయన ఉత్తరాలు కొన్ని చేర్చి అచ్చు వేయించాడు. వాటిలో ఒక ఉత్తరం, దీన్ని ఎవ్వరికీ చూపించకూడదు అని షరతు పెట్టి రాసింది. అదీ అచ్చయ్యింది, మూడు వందల ఏళ్ళు దాటి ఈరోజు మన ఫోన్ల దాకా వచ్చింది.

నైట్ డ్యూటీలో ఉన్నవాళ్ళు బ్రేక్‌లో చదువుకోండి. ఫోన్ లేని అక్కలకి ఎవరైనా చదివి వినిపించండి.

మీ ప్రార్థనల్లో నన్ను జ్ఞాపకం చేసుకోండి.
ప్రభువులో మీ సహోదరుడు