అడవి నెరిగిన వేటగాడు – కెన్నెత్ ఆండర్సన్

తిరుపతి నుంచి మదనపల్లెకు పోయే దారిలో రంగంపేట, భాకరాపేట గ్రామాలు వస్తాయి. ఆ చుట్టుపట్ల శేషాచలం కొండల మధ్య చామల లోయ ఉంది. ఎర్రచందనం చెట్లకు, వెదురు పొదలకు, కొండవాగులకు పేరుపొందిన ఆ అడవుల్లో ఒకప్పుడు పెద్దపులులు తిరిగేవి. ఈ లోయను, నాగపట్ల, పులిబోను, మామండూరు వంటి ఊళ్ల పేర్లను తన రచనల ద్వారా ప్రపంచ పాఠకులకు పరిచయం చేసినవాడు కెన్నెత్ ఆండర్సన్.

ఆండర్సన్ 1910 మార్చి 8వ తేదీన సికిందరాబాదు సమీపంలోని బొల్లారంలో జన్మించాడు. ఆయన పూర్వులు స్కాట్లండు దేశస్థులు. అనేక తరాల క్రితమే వారు భారతదేశంలో స్థిరపడ్డారు. ఆయన విద్యాభ్యాసం బెంగళూరులో సాగింది. తంతి తపాలా శాఖలో సుమారు పదిహేనేళ్లు, ఆ తరువాత బెంగళూరులోని విమాన కర్మాగారంలో ఉద్యోగం చేశాడు. సెలవు దొరికితే చాలు, రైఫిల్ పట్టుకొని మైసూరు, సేలం, చిత్తూరు ప్రాంతాల అడవులకు బయలుదేరేవాడు.

ఆ రోజుల్లో వేట నేరం కాదు. వినోదం కోసం వన్యమృగాలను చంపేవారు ఎందరో ఉండేవారు. ఆండర్సన్ కూడా యౌవనంలో అలాంటి వేటగాడే. కాని క్రమంగా ఆయన దృష్టి మారింది. మనుషులను తినమరిగిన పులులను, చిరుతలను, ఊళ్లమీద పడి ప్రాణాలు తీసే మదించిన ఏనుగులను మాత్రమే వేటాడాలని ఆయన భావించాడు. 1939 నుంచి 1966 వరకు ఉన్న ప్రభుత్వ లెక్కల ప్రకారం ఆయన చేతిలో ఏడు పెద్దపులులు, ఎనిమిది చిరుతలు హతమయ్యాయి. అవన్నీ నరమాంసం మరిగినవే.

పులి సహజంగా మనిషికి దూరంగా తొలగిపోయే జంతువు. అది మనిషిమీద పడడానికి కారణమేమిటన్న ప్రశ్న ఆండర్సన్‌ను జీవితమంతా వెంటాడింది. గుమ్మలాపురం ప్రాంతంలో ఎందరినో పొట్టనబెట్టుకున్న చిరుత పాదంలో ముళ్లపంది ముల్లు దిగి ఉండటం ఆయన చూశాడు. అయితే అనేక సందర్భాలలో ఆ గాయం మనిషి చేసినదే. పంట కాపలాకు రైతులు నాటు తుపాకులు వాడేవారు. గొట్టంలో తుపాకిమందు దట్టించి, దానిపై చిన్న చిన్న సీసపు గుండ్లు పోసి కాల్చేవారు. ఆ గుండ్లు గుండ్రంగా ఉండి, త్వరగా వేగం కోల్పోతాయి. దగ్గరగా ఉన్న కుందేలునో, జింకనో అవి పడగొట్టగలవు గాని, పులి కండరాన్ని చీల్చుకొని గుండె దాకా పోలేవు. చర్మం కింద, పంజాలో, దవడలో చిక్కుకొని చీము పట్టిస్తాయి. కుంటిదైన పులి జింకను తరిమి పట్టుకోలేదు. ముందు పశువులమీద, తరువాత పశువుల కాపరులమీద పడుతుంది. దెబ్బతిన్న బెబ్బులి అన్న మాట ఊరికే పుట్టలేదు.

ఉత్తర భారతంలో ప్రసిద్ధ వేటగాడు జిమ్ కార్బెట్ అనుభవం కూడా ఇదే. 1907లో ఆయన చంపిన చంపావత్ ఆడపులి నాలుగు వందలకు పైగా మనుషులను బలిగొన్నది. ఎవరో కాల్చిన తుపాకి దెబ్బకు దాని కుడివైపు కోరపళ్లు ఏనాడో విరిగిపోయాయి. గురి తప్పిన ఒక్క దెబ్బకు వందల కుటుంబాలు మూల్యం చెల్లించాయి.

అందువల్ల వేటగాడికి ధైర్యం ఒక్కటే చాలదు. ఏ జంతువుకు ఏ గుండు వాడాలో తెలిసి ఉండాలి. సీసం మెత్తని లోహం. రైఫిల్ గొట్టంలో అతి వేగంగా పోయేటప్పుడు వట్టి సీసం అరిగి, గొట్టం గాడులకు అంటుకుంటుంది. ఆ ఇబ్బందిని తొలగించడానికి సీసంపై రాగి మిశ్రమ లోహపు తొడుగు వేయడం పందొమ్మిదవ శతాబ్దం చివర మొదలైంది. అప్పటి నుంచి వేట గుండ్లు ముఖ్యంగా రెండు రకాలయ్యాయి. మొన కూడా తొడుగుతో కప్పిన గట్టి గుండు మొదటిది. అది ఆకారం చెడకుండా లోతుగా చొచ్చుకుపోతుంది. ఏనుగు పుర్రె వంటి దళసరి ఎముకను ఛేదించడానికి అదే తగినది. దానితో పులిని కొడితే సన్నని రంధ్రం చేసి అవతలికి పోవచ్చు. అప్పుడు పులి గాయంతో పొదల్లోకి తప్పించుకుంటుంది.

మొన వద్ద సీసాన్ని తొడుగు లేకుండా వదిలిన మెత్తమొన గుండు రెండవది. అది శరీరాన్ని తాకగానే పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. తన బలాన్నంతా జంతువు దేహంలోనే వ్యయం చేసి, క్షణాల్లో ప్రాణం తీస్తుంది. పులికి, చిరుతకు ఇదే అనువైనది. కాని తొడుగు మరీ పలుచనైతే భుజం ఎముక తగిలిన వెంటనే గుండు తునకలై, పైపై గాయమే మిగులుతుంది. విచ్చుకోవడం, చొచ్చుకుపోవడం అనే రెండు గుణాలను సమన్వయపరచడమే గుండు తయారీలోని అసలు కష్టం.

కలకత్తా సమీపంలోని డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో ఇటువంటి విచ్చుకునే గుండ్లను సైనికుల కోసం తయారుచేశారు. యుద్ధంలో వాటి వాడకాన్ని 1899 నాటి హేగ్ ప్రకటన నిషేధించింది. యుద్ధంలో సైనికుడిని నిలువరిస్తే చాలు, అనవసరంగా హింసించరాదన్నది ఆ నిషేధంలోని నీతి. వేటలో గాయపడిన మృగం తప్పించుకుపోతే దానికీ నరకమే, మనిషికీ ప్రమాదమే. కనుక యుద్ధంలో క్రూరమనిపించుకున్న గుండే వేటలో దయగా పరిణమించింది.

ఆండర్సన్ చిరకాలం నమ్ముకున్న ఆయుధం .405 వించెస్టర్ రైఫిల్. 1904లో వచ్చిన ఆ తూటాలో గుండు బరువు 300 గ్రెయిన్లు, అంటే సుమారు 19 గ్రాములు. అది సెకనుకు దాదాపు 2,200 అడుగుల వేగంతో దూసుకుపోతుంది. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ 1909లో తూర్పు ఆఫ్రికాలో సింహాల వేటకు ఇదే రకం రైఫిల్‌ను వాడాడు. బరువైన, మొద్దుమొన గల ఆ గుండు పులి, సింహం వంటి వాటిని దగ్గరి నుంచి బలంగా పడగొట్టగలదు. ఏనుగంతటి మృగం దేహంలో మాత్రం దాని చొరవ చాలదని వేటగాళ్లు గ్రహించారు.

ఎంత మంచి గుండైనా గురి తప్పవచ్చు. మంచెమీద రాత్రంతా కదలకుండా కూర్చొని, రైఫిల్‌కు బిగించిన టార్చి వెలుగులో రెప్పపాటు సేపు కనిపించిన పులిని కాల్చాలి. దెబ్బ సరిగా తగలకపోతే తెల్లవారాక నెత్తుటి జాడ పట్టుకొని పొదల్లోకి వెళ్లాలి. గాయపడిన మృగాన్ని సగంలో వదిలి ఇంటికి పోరాదన్నది వేట ధర్మం. ఆ ధర్మాన్ని మరచిన వేటగాడి తప్పుకు అడవిలో కట్టెలు కొట్టుకునే నిరుపేద ప్రాణమే వెల అవుతుందని ఆయన అనుభవం.

ఆండర్సన్ తొలి పుస్తకం 1954లో వెలువడింది. చామల లోయ పులి కథ అందులోనిదే. వయసు పెరిగేకొద్దీ ఆయన రైఫిల్‌కు బదులు కెమెరాకు ప్రాధాన్యమిచ్చాడు. అడవులు తరిగిపోతున్నాయని, మృగాలు మాయమవుతున్నాయని తన రచనల్లో ఆవేదన చెందాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973లో పులుల పరిరక్షణ పథకం ఆరంభమైంది. ఆ మరుసటి సంవత్సరం, 1974 ఆగస్టు 30న, ఆయన క్యాన్సర్ వ్యాధితో కన్నుమూశాడు.

ఆండర్సన్ తిరిగిన శేషాచలం అడవుల్లో 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం ఏర్పడింది. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైంది. అప్పుడు అటవీశాఖ తుపాకి ఎత్తలేదు. బోనులు అమర్చి చిరుతలను పట్టుకుంది. గుండును ఎన్నుకోవడం వేటగాడి వివేకం. గుండు అవసరం లేకుండా మనిషిని, మృగాన్ని కాపాడుకోవడం నేటి సమాజపు వివేకం. ఆండర్సన్ జీవితం మొదటి దానినుంచి రెండవ దానివైపు సాగిన ప్రయాణం.

ప్రశ్నలు

1. పులి నరమాంసానికి మరగడానికి గల కారణాలను వివరించండి.
2. గట్టి గుండుకు, మెత్తమొన గుండుకు గల భేదాలను తెలపండి.
3. యుద్ధంలో నిషేధించిన గుండు వేటలో దయగా ఎలా పరిణమించింది?
4. వేటగాడి బాధ్యతను గురించి ఈ పాఠం ఆధారంగా సొంతమాటల్లో రాయండి.