నీళ్లకు నిధులడిగిన దొర: సర్ ఆర్థర్ కాటన్ గారి జీవితము

సర్ ఆర్థర్ థామస్ కాటన్ గారి పేరు వినని ఇల్లు గోదావరి జిల్లాలలో లేదనుట అతిశయోక్తి కాదు. బొమ్మూరు మొదలు నరసాపురం వరకు ఊరూర ఆయన విగ్రహములున్నవి. నదీస్నానము చేయు బ్రాహ్మణోత్తములు సయితము సంకల్పములో ఆయనను తలచుకొందురు. కాని ఆనకట్ట కట్టిన దొరగా అందరు ఎరిగిన ఈ మనిషి, ఆ కట్టకును, ఆ పిమ్మట ఈ ఉపఖండములోని నదులన్నిటికిని డబ్బు కొరకు దాదాపు యాభై యేండ్లు పెద్దల తలుపులు తట్టిన సంగతి మనలో కొద్దిమందికే తెలియును. ఈ శతవార్షిక సంచికలో మేము ఆ సంగతినే వ్రాయదలచితిమి. మందిరపు పైకప్పు కొరకు చందా పుస్తకము పట్టుకొని పల్లెలు తిరిగిన మన సంఘ పెద్దలకు ఆ కష్టమేమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

కాటన్ గారు 1803 మే 15న జన్మించిరి. పదునొకండుగురు అన్నదమ్ములలో పదవవారు. అడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చదివి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళములో చేరి, 1821లో పదునెనిమిదవ యేట ఈ దేశమునకు వచ్చిరి. యౌవనములోనే క్రీస్తునందు గట్టి విశ్వాసము కుదిరినవారు. తంజావూరు ప్రాంతమున కావేరి పనులలో ఉండగా, చోళ రాజుల నాటి కల్లణై కట్టను శ్రద్ధగా పరిశీలించిరి. లోతైన ఇసుకలో పునాది ఎట్లు నిలుచునో పూర్వులు ఎరిగియుండిరని, ఆ విద్య వారివద్దనే నేర్చుకొంటినని ఆయన దాచుకొనలేదు. 1836లో కొల్లడం నదిపై ఆయన కట్టించిన రెండు ఆనకట్టలు ఆ విద్యకు ఫలము. ఆరోగ్యము చెడి ఆస్ట్రేలియా వైపు వెళ్లి, 1841లో టాస్మేనియాలో ఎలిజబెత్ లెర్మంత్ గారిని వివాహమాడిరి.

అప్పటి గోదావరి జిల్లా స్థితి తలచుకొన్న కన్నీరు వచ్చును. 1833 కరవు గుంటూరు సీమను తుడిచిపెట్టెను. 1839లో ఉప్పెన కోరంగిని ముంచెను. 1821లో 7 లక్షల 38 వేలుగా ఉన్న జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగెను. నది నిండుగా పారుచునే యున్నది, దాని ఒడ్డునే మనుష్యులు ఆకలితో చచ్చుచున్నారు. 1844లో సర్ హెన్రీ మాంట్‌గోమరీ గారు పరిస్థితిని విచారించి, కాటన్ గారిని పంపవలెనని ప్రభుత్వమునకు సలహా ఇచ్చిరి.

ఇక్కడ ఆయన తెలివిని గమనింపవలెను. నాడు మనలను ఏలుచున్నది వర్తకుల కంపెనీ. వారి ముందు ఆకలిని ఎంత వర్ణించినను ఖజానా పెట్టె తెరువబడదు. కనుక కాటన్ గారు తన నివేదికలలో లెక్కలు వ్రాసిరి. ఎకరమునకు నీరు అందినచో శిస్తు ఎంత పెరుగును, కాలువలో పడవ నడచినచో బండి కూలి ఎంత మిగులును, పెట్టిన సొమ్ము ఎన్నేండ్లకు తిరిగి వచ్చును, ఇదే వరుస. ఆకలి మాటకు బదులు లాభపు మాట ముందు పెట్టుట ఒక విశ్వాసికి తగునా అని కొందరు అడుగుదురు. మేమైతే తప్పు పట్టము. ఆయన లాభము చూపినది తనకు కాదు, సొమ్ము ఉన్నవారికి. వారు విను భాష అదొక్కటే.

ఆనకట్టకు ఆయన వేసిన అంచనా దాదాపు 4 లక్షల 75 వేల రూపాయలు. మద్రాసు గవర్నరు ట్వీడ్‌డేల్ ప్రభువు బలపరచగా, 1846 డిసెంబరులో లండను డైరెక్టర్ల అనుమతి వచ్చెను. 1847లో ధవళేశ్వరము వద్ద పని మొదలాయెను. కోరినంతమంది ఇంజనీర్లను గాని పనివాండ్రను గాని ప్రభుత్వము ఇయ్యలేదు. వీణం వీరన్న గారి వంటి తెలుగువారు కూలీలను కూర్చి, కష్టించి నిలిచినందువలననే పని సాగెను. మధ్యలో కాటన్ గారు మరల జబ్బుపడి వెళ్లగా, ఓర్ దొరగారు నడిపించిరి. 1852లో ఆనకట్ట పూర్తియాయెను. ఆ ఓర్ గారే తరువాత బెజవాడలో కృష్ణ ఆనకట్ట కట్టిరి.

సాధారణముగా ఆయన కథలు ఇక్కడికి ముగియును. అసలైన అడుగుట ఇక్కడినుండియే ప్రారంభము. గోదావరిలో జరిగినది దేశమంతట జరుగవలెనని 1854లో భారత దేశపు ప్రజాపనులను గూర్చి గ్రంథము వ్రాసిరి. ఉద్యోగము విరమించి, 1861లో సర్ బిరుదు పొంది, ఇంగ్లండులో సభలవెంబడి తిరిగిరి. ప్రభుత్వము రైళ్ల మోజులో ఉండెను. రైలు కంపెనీల వాటాదారులకు నూటికి అయిదు వడ్డీ పూచీ ఇచ్చుచుండెను. నీటికి మాత్రము చేయి బిగియబట్టెను. అందువలన కాలువలకు కూడ వాటాల సొమ్ము ప్రోగుచేయు ప్రయత్నము సాగెను. కాటన్ గారి ప్రోత్సాహమున మద్రాసు ఇరిగేషన్ కంపెనీ వెలసెను. అదే పూచీతో 10 లక్షల పౌనులు ప్రోగుచేసి, తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట, కర్నూలు నుండి కడపకు కాలువ తలపెట్టెను. ఒరిస్సాలో మహానది కాలువలకు మరియొక కంపెనీ లేచెను.

ఈ రెండును నష్టపోయినవి. నిజము దాచుట భక్తి కాదు గనుక వ్రాయుచున్నాము. కర్నూలు కాలువకు తలచినదానికంటె చాల ఎక్కువ సొమ్ము పట్టెను. పైగా నల్లరేగడి రైతు వాన కురిసిన యేడు కాలువ నీరు ముట్టలేదు. డబ్బు కట్టి నీరు కొనుట అతనికి అలవాటు లేదు. గోదావరి డెల్టా నేల వేరు, రాయలసీమ నేల వేరు. ఆ భేదమును కాటన్ గారు తగినంత తూచలేదని మా అభిప్రాయము. ఒరిస్సా కాలువలు పూర్తి కాకమునుపే 1866 కరవు వచ్చి సుమారు 10 లక్షల మంది మరణించిరి. ఆ కంపెనీ పనులను 1868లోను, కర్నూలు కాలువను 1882లోను ప్రభుత్వమే కొనెను.

మన అధ్యక్ష ఖండములకు దగ్గరి సంగతి మరియొకటి. గోదావరిపై ఎగువకు, బీరారు పత్తి సీమ వరకు పడవలు నడుపవలెనని కాటన్ గారు కోరిరి. మాంచెస్టరు పత్తి వర్తకులు ఆ మాటకు తోడు పలికిరి. దుమ్ముగూడెం వద్ద లాకులు, కాలువ పని సాగెను. అక్కడి అధికారి హేగ్ దొరగారు, గన్నవరం అక్విడక్టు కట్టినవారే, అడవిలోని కోయవారి స్థితి చూచి వారికి సువార్త అందవలెనని తపించిరి. 1860 ప్రాంతములో ఆయన ద్వారా విశ్వాసములోనికి వచ్చిన వెంకటరామరాజు గారు కోయల మధ్య పనిచేసిరి. పిమ్మట చర్చి మిషనరీ సొసైటీ వారు అచ్చట మిషనరీలను నిలిపిరి. డబ్బు చాలక 1871లో ప్రభుత్వము ఎగువ గోదావరి పని విడిచిపెట్టెను. మిషను నిలిచి, కాలక్రమమున డోర్నకల్ అధ్యక్ష ఖండములో కలిసెను.

1876–78లో ధాత కరవు వచ్చెను. దక్షిణాన లక్షలకు లక్షలు ప్రాణములు విడిచిరి. లండను మేయరు గారు విరాళములకు పిలుపునియ్యగా దాదాపు 7 లక్షల పౌనులు వచ్చెను. మన గుడులలోవలె అక్కడి గుడులలోను కానుక పట్టిరి. కాటన్ గారు ఆ దాతృత్వమును కాదనలేదు. అయితే చచ్చినవారి తరువాత పంచు గంజి ఖర్చులో కొంత ముందే కాలువకు పెట్టియుండినచో గంజి అవసరమే తగ్గియుండునని సభలలో వాదించిరి. జాన్ బ్రైట్ గారు, నర్సుల తల్లి ఫ్లారెన్స్ నైటింగేల్ గారు ఆయన పక్షమున నిలిచిరి.

1878లో పార్లమెంటు విచారణ సంఘము కూర్చుండెను. డెబ్బది అయిదేండ్ల వృద్ధుడు వారి ముందు నిలిచి, కలకత్తా నుండి కరాచీకి, కాకినాడ నుండి సూరతుకు, తుంగభద్ర వెంబడి కార్వారుకు, పాలఘాటు మీదుగా కోయంబత్తూరుకు పడవ కాలువలు కోరిరి. నష్టపోయిన కంపెనీల లెక్కలు తీసి ఆయనను గట్టిగా ప్రశ్నించిరి. గోదావరి లాభములు ఆయన చూపగా, కర్నూలు నష్టములు వారు చూపిరి. ఆ మహా పథకమును సంఘము అంగీకరింపలేదు. 1900 నాటికి రైళ్లకు దాదాపు 22 కోట్ల పౌనులు, నీటిపారుదలకు దాదాపు 2½ కోట్లు ఖర్చయినట్లు రమేశ చంద్ర దత్తు గారు లెక్క కట్టిరి.

ఆ తరువాత కాటన్ గారు డోర్కింగు పట్టణములో నివసించిరి. చేయి ఊరకుండలేదు. నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించినచో దిగుబడి ఎంత పెరుగునో ఎనుబది దాటిన వయస్సులో పరీక్షించి చూచుచు, ఆ లెక్కలు కూడ వ్రాసి పెట్టిరి. 1899 జూలై 24న, తొంబదియారవ యేట, అక్కడనే ప్రభువునందు నిద్రించిరి. మరుసటి యేడు కుమార్తె లేడీ హోప్ గారు ఆయన జీవితచరిత్రను ప్రచురించిరి.